వివరములకును తక్‌పట్టీ కావలెను

గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టునకు మామిడియో బత్తాయియో తోలిన రైతు మన గ్రామములలో నింటికొకడైన నుండును. 1986 మొదలు 2021 వరకు దిల్‌సుఖ్‌నగరు చెంగట నడచిన యా మార్కెట్టు పిమ్మట బాటసింగారమునకు తరలిపోయినది. స్థలము మారినను మర్యాద మారలేదు. సరకు దించి, తూకము వేయించి, బేరము ముగిసిన పిదప రైతు చేతికి తక్‌పట్టీ రావలెను. తూకమెంత, ధర యెంత, ఖర్చులెంత, చేతికి వచ్చునది యెంత యని అందు వ్రాసియుండును. తక్‌పట్టీ లేక సరకు విడిచి వచ్చినవానిని ఊరివారు తెలివితక్కువవానిగా నెంచుదురు.

ఆ రైతే అదే దిల్‌సుఖ్‌నగరులో తన పేరు, తండ్రి పేరు, పుట్టినతేది, ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య, వేలిముద్ర, ముఖచిత్రము, ఇన్నింటిని విడిచి, చేత ఏ చీటియు లేకుండ ఇంటికి వచ్చుచున్నాడు. వానిని తెలివితక్కువవాడని మనలో నెవరును అనరు. ఏలయన అందరమును ఆ పనియే చేయుచున్నాము. ఈ నెల సభ్యులకు నేను మనవి చేయదలచినది ఈ యొక్క సంగతియే.

గడచిన వేసవిలో నా చెల్లెలి మనుమని శిక్షణాలయమున చేర్పించుటకు దిల్‌సుఖ్‌నగరు వెళ్లితిని. పిల్లవానికి 17 సంవత్సరములు. ఉదయము బస్సు దిగినది మొదలు సాయంకాలము ఎల్బీనగరులో మరల బస్సెక్కు వరకు ఐదుచోట్ల వాని ఆధారు నకలు అడిగిరి. శిక్షణాలయమున నొకటి, హాస్టలులో నొకటి, సిమ్ముకార్డు కొన్నచోట నొకటి, కండ్లద్దాల దుకాణమున నొకటి, వాయిదాల పద్ధతిపై ఫోను ఇచ్చు ఎల్బీనగరు అంగడిలో నొకటి. కడపటి చోట నా నకలును, నా ఛాయాచిత్రమును, నా ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను కూడ తీసికొనిరి. కండ్లద్దాలకు ఆధారుతో నేమి పని యని అడుగగా, "అందరును ఇచ్చుచున్నారు గదా, తాతగారూ" అని దుకాణపు కుర్రవాడు మర్యాదగనే జవాబు చెప్పెను. ఇచ్చితిని. నకళ్లు తీసిన జిరాక్సు దుకాణమున, సరిగా పడని కాగితములు వేయు బుట్ట యొకటి కలదు. అందు పైననే ఎవరిదో పట్టాదారు పాసుపుస్తకపు మొదటిపుట, ఛాయాచిత్రముతో సహా, కనబడుచుండెను.

వారము తిరుగకముందే నాకు అప్పు లిత్తుమని ఫోనులు మొదలైనవి. పిల్లవానికి వేరు శిక్షణాలయములవారు ఫోను చేసి, వాని పేరును, వానికి వచ్చిన మార్కులను వారే చెప్పిరి. ఐదుచోట్లలో ఏ చోటినుండి ఈ వివరము బయటకు పోయినదో నేను చెప్పజాలను. చెప్పజాలకపోవుటయే ఇందలి కీడు. తక్‌పట్టీ యున్నచో ఏ దుకాణమున ఎంత తూకమునకు మోసము జరిగినదో తెలియును. చీటి లేనిచోట దొంగ యెవడో తెలియదు, దొరయు తప్పించుకొనును.

ఫోనులతో పోయినచో దీనిని చిన్న బాధగా నెంచి యూరకుండవచ్చును. కాని మన రాష్ట్రముననే జరిగిన సంగతులు చూడుడు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ముకార్డు లమ్ము నొకడు, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులపై నున్న వేలిముద్రలను దించుకొని, వానితో రబ్బరు ముద్రలు చేసి, పరుల పేర సిమ్ములు నడిపించినట్లు పోలీసులు కనుగొనిరి. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టిన ముఠా ఇంకను ముందుకు పోయినది. దస్తావేజుల నకళ్లలోని వేలిముద్రలతో నకిలీ వ్రేళ్లు చేసి, ఆధారుతో డబ్బు తీయు యంత్రములపై వానిని ఒత్తి, ఖాతాలనుండి సొమ్ము తీసిరి. ఖాతాదారు ఇంట నిద్రించుచుండ వాని వ్రేలు మరియొక యూరిలో డబ్బు తీయుచుండెనన్న మాట! భూమి అమ్మినవాడును కొన్నవాడును తమ హక్కునకు రక్షణ యని వేసిన ముద్రయే వారికి ముప్పు తెచ్చినది. అదే సంవత్సరమున పీఎం కిసాన్ వెబ్‌సైటులో నొక లోపమువలన రైతుల ఆధారు సంఖ్యలు బయటివారికి కనబడుచున్నట్లు తేలి, పిమ్మట ఆ లోపము సరిచేయబడినది.

అప్పుల సంగతి మన పరపతి సంఘములకు మరింత దగ్గరిది. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు, రాచకొండ కమీషనరేట్ల పోలీసులు, క్షణములలో అప్పు లిచ్చు ఫోను యాపులవారిపై వరుసగా కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. ఆ యాపులు అప్పు ఇచ్చునపుడే ఫోనులోని పేర్ల పట్టిక నంతటిని లాగుకొనెడివి. వాయిదా తప్పినచో ఋణగ్రస్తుని బంధువులకు, స్నేహితులకు ఫోనులు చేసి పరువు తీసెడివారు. ఆ యవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారు కలరు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చు యాపులు పేర్ల పట్టికను, ఛాయాచిత్రములను, ఫోను పిలుపుల లెక్కను తాకరాదని నిబంధన విధించినది. 2023 మార్చి, ఏప్రిలు మాసములలో సైబరాబాదు పోలీసులు జనుల వివరములను అమ్ముకొనుచున్నవారిని పట్టుకొనిరి. మొదటి కేసున 16.8 కోట్ల మంది వివరములు, రెండవదాన 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరములు దొరికినవని వారు ప్రకటించిరి. ఇన్ని కోట్ల వివరములను ఎవడును ఇంటింటికి పోయి దొంగిలింపలేదు. మనమే ఇచ్చినవి, పుచ్చుకొన్నవారు కాపాడనివి.

మన తాతల కాలమున షావుకారు ఎదుట తెల్లకాగితముపై నిశానీ వేసి వచ్చినవాడు, దానిపై మరునాడు ఎంత మొత్తము వ్రాయబడునో యెరుగకుండెను. ఆ తెల్లకాగితమునుండి కర్షకుని విడిపించుటయే సహకారోద్యమపు మొదటి పని. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిమ్మట అప్పునకు లెక్కయు, లెక్కకు పుస్తకమును, పుస్తకమునకు తనిఖీయు ఏర్పడినవి. నేడు ఏ కార్యమునకో చెప్పకుండ అడిగి తీసికొను ఆధారు నకలు ఆ తెల్లకాగితమే. దానిపై వ్రాయువాడు షావుకారు గాక కంపెనీ. సిరాకు బదులు కంప్యూటరు. అంతియే భేదము.

ఈ విషయమై చట్టము ఏమనుచున్నదో సభ్యులు తెలిసికొనదగును. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి శ్రీ కె. ఎస్. పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున, 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తి గోప్యత మన రాజ్యాంగమున ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. దాని ననుసరించి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత వివరముల రక్షణ చట్టము వెలువడినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. కంపెనీలు పాటింపవలసిన ముఖ్య విధులకు ఆ ప్రకటననుండి పదునెనిమిది మాసముల గడువు, అనగా 2027 మే వరకు, ఈయబడినది.

వివరములు పుచ్చుకొని వాని వినియోగమును నిర్ణయించు సంస్థకు చట్టము పెట్టిన పేరు 'డేటా ఫిడ్యూషియరీ'. ఒకరి సొత్తును నమ్మకముపై తన యొద్ద నుంచుకొన్నవాడని ఆ మాటకు తాత్పర్యము. మన వ్యవహారమున చెప్పవలెనన్న, వివరము దానము కాదు, అప్పగింత. అప్పగింత సొమ్మును అమ్ముకొనుటకు గాని, తలచిన పనికి వాడుటకు గాని పుచ్చుకొన్నవానికి హక్కు లేదు. ఈ యొక్క మాటనుండియే తక్కిన విధులన్నియు పుట్టినవి.

మొదటిది, అనుమతి కోరునపుడు ఏ వివరములు తీసికొనుచున్నారో, ఏ పనికో, ఆ యనుమతిని మరల నెట్లు రద్దు చేసికొనవచ్చునో, ఫిర్యాదు ఎచట చేయవలెనో తెలుపు ప్రకటన ఈయవలెను. దానిని ఆంగ్లముననో, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనియందో చదువుకొను అవకాశము ఉండవలెను. ఆ 22 భాషలలో మన తెలుగు కలదు. ఇదియే నేను చెప్పు తక్‌పట్టీ. రెండవది, పనికి అవసరమైనంత మాత్రమే తీసికొనవలెను. చట్టములోనే ఒక ఉదాహరణ కలదు: ఫోనుద్వారా వైద్యసలహా ఇచ్చు యాపు ఒకటి రోగి ఫోనులోని పేర్ల పట్టికను కూడ అడిగి, రోగి సరేయన్నను, వైద్యమునకు ఆ పట్టిక అవసరము లేదు కావున ఆ యనుమతి చెల్లదు. కండ్లద్దాలకు ఆధారు అడుగువారికి ఇది చూపదగిన న్యాయము. మూడవది, అనుమతి ఇచ్చుట ఎంత సులభమో రద్దు చేయుటయు అంత సులభముగ నుండవలెను. పని తీరిన పిదప, వేరొక చట్టము ఉంచుమన్న నేతప్ప, ఆ వివరములను తుడిచివేయవలెను. నాలుగవది, కంపెనీ తన పనిని ఏజంటునకో వేరొక సంస్థకో అప్పగించినను బాధ్యత కంపెనీదే; "మా ఏజంటు చేసినాడు, మేమెరుగము" అనుటకు వీలులేదు. ఐదవది, వివరములు బయటకు పొక్కినచో ఆ సంగతిని బాధితులకు జాగుచేయక తెలుపవలెను. 72 గంటలలో రక్షణ మండలికి సవిస్తరముగ నివేదింపవలెను. తగిన కాపుదల చేయకున్న 250 కోట్ల రూపాయల వరకు, పొక్కిన సంగతి దాచిన 200 కోట్ల వరకు దండన విధింపవచ్చును. 18 సంవత్సరములు నిండని పిల్లల వివరములకు తల్లిదండ్రుల యనుమతియు, అది నిజమైన యనుమతియే యని నిర్ధారణయు వలయును. నా మనుమని విషయమున ఆ దినమున ఎవరును అట్టి మాట యెత్తలేదు.

ఈ చట్టము సర్వరోగనివారిణి యని నేను చెప్పను. ఇందు లోపములు కలవు. కాగితముపైని వివరము కంప్యూటరున కెక్కనంతవరకు ఈ చట్టమునకు లోబడదు. జిరాక్సు దుకాణపు బుట్టలోని పాసుపుస్తకపు పుటను ఇది కాపాడదు. దండన సొమ్ము భారత సంచిత నిధికి చేరును గాని నష్టపోయిన రైతునకు రాదు. పైగా కంపెనీల అజాగ్రత్తవలన నష్టపోయినవారికి పరిహారము చూపుచున్న 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 43-ఏ విభాగమును ఈ చట్టము తొలగించుచున్నది. సబ్సిడీలు, పథకములు పంచు నిమిత్తము ప్రభుత్వము క్రొత్తగ అనుమతి కోరకయే వివరములు వాడుకొనవచ్చును. మరికొన్ని ప్రభుత్వ శాఖలను చట్టమునుండి మినహాయించుటకు కేంద్రమునకు అధికారము కలదు. రైతు వివరములలో నధికభాగము ప్రభుత్వము చేతనే యుండగా, ఈ సడలింపు మనకు చిన్నది కాదు. కంచె యున్నది గదా యని నిద్రించినచో కంచెయే చేను మేయవచ్చును. పరిహారపు హక్కును చట్టమున మరల చేర్చవలెనని సహకార సంఘములు కోరదగును.

"మన యొద్ద దాచవలసిన రహస్యమేమున్నది? పేదరైతు పేరు తెలిసిన నేమి పోవును?" అని మన సభ్యులే కొందరందురు. రహస్యము వేరు, అప్పగింత వేరు. మన ధాన్యము ఎవరికిని తెలియని రహస్యము కాదు. ఐనను గాదెకు తాళము వేయుచున్నాము. ధనవంతునకు ఖాతానుండి పదివేలు పోయిన కనబడకపోవచ్చును. విత్తనములకై దాచుకొన్న పదివేలు పోయినవానికి ఒక కారు పంట పోవును. "ఇవ్వకున్న పని జరుగదు" అనువారి మాటలో నిజము కలదు. ఇవ్వవలదని నేననుట లేదు. అడిగి, తెలిసి, వ్రాసి ఇమ్మనుచున్నాను.

చిన్న దుకాణదారులకు ఇంతటి నియమములు భారమగునని మరికొందరందురు. తక్‌పట్టీ వ్రాయుట కమీషనుదారులకు భారమైనదా? ఒకప్పుడు అది లేకయే బేరములు జరిగెడివి. రైతులు అడుగగా, చట్టము విధింపగా, అలవాటైనది. అవసరము లేని వివరము అడుగకుండుటకంటె తేలికయైన కాపుదల వేరొకటి లేదు. తీసికొననిదానిని కాపాడవలసిన పనియే లేదు గదా.

ఇక మన ఇంటి సంగతి. ఇతరులకు నీతి చెప్పుటకు ముందు మన సంఘపు గదిలోనికి చూచుకొనవలెను. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించు పథకమునకు 2,516 కోట్ల రూపాయల వ్యయముతో అనుమతి నిచ్చినది. సంఘముల లెక్కలు కంప్యూటరున కెక్కుకొలది ప్రతి సంఘమును ఈ చట్టమునకు లోబడిన సంస్థయే యగును. సభ్యుని ఆధారు, ఖాతా, భూమి, బాకీ మన చేతనే యున్నవి. కాని ఎరువుల పంపిణీ నాడు పేరును, ఆధారు సంఖ్యయు, ఖాతా సంఖ్యయు నొకే కాగితముపై గోడకు అంటించుట మన సంఘములలో కలదు. ఆ కాగితమునే ఛాయాచిత్రము తీసి వాట్సాపు గుంపులో పెట్టుట కలదు. కంప్యూటరు రహస్యపదమును తెరప్రక్కనే చీటిపై వ్రాసి అంటించుట కలదు. పాత దరఖాస్తులను తూకమునకు అమ్ముట కలదు. ఇవన్నియు దుర్బుద్ధితో చేసినవి కావు, అలవాటుచే చేసినవి. ఐనను వేలిముద్ర పోయినవానికి దుర్బుద్ధియు అలవాటును ఒకే ఫలము నిచ్చును.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది తీర్మానములు చర్చకు రావలెనని నా కోరిక. సంఘము ఏ దరఖాస్తునందైనను అవసరములేని వివరము అడుగరాదు. తీసికొన్న ప్రతి నకలునకు తేదీ, కార్యము వ్రాసిన తెలుగు రసీదు ఈయవలెను. గోడకు అంటించు జాబితాలో పేరు, సభ్యత్వ సంఖ్య తప్ప ఆధారు, ఖాతా సంఖ్యలు ఉండరాదు. సభ్యుల వివరములు చూచుటకు ఎవరికి అధికారము కలదో వ్రాసియుంచి, కార్యదర్శి దానికి జవాబుదారుగా నుండవలెను. గడువు తీరిన కాగితములను తూకమునకు అమ్మక, పాలకవర్గ సభ్యుల యెదుట చింపి నాశనము చేయవలెను. వీనికి పెద్ద ఖర్చు లేదు. 2027 మే వరకు వేచియుండ నక్కరయు లేదు.

సభ్యులు తమంతట తాము చేయదగినవియు కొన్ని కలవు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధారు నకలు ప్రభుత్వ వెబ్‌సైటులో దొరకును. అది చాలినచోట అదియే ఇయ్యుడు. ప్రతి నకలుపై అడ్డముగ "ఫలానా పనికి మాత్రమే" యని వ్రాసి తేదీ వేసి చేవ్రాలు చేయుడు. జిరాక్సు దుకాణమున చెడిపోయిన నకలును కూడ అడిగి తెచ్చుకొనుడు. ఆధారు సంస్థవారి యాపులో వేలిముద్రకు తాళము వేయవచ్చును. ఐతే చౌకదుకాణమునందును, ఎరువుల దుకాణపు యంత్రముపైనను వ్రేలు ఒత్తుటకు ముందు దానిని తీయవలెనని మరువకుడు. ఖాతానుండి మీరెరుగక సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకునకు వ్రాతమూలముగ తెలుపుడు. ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను అడిగినవాడు బ్యాంకు ఉద్యోగి నని చెప్పినను చెప్పవలదు.

వచ్చు నెల నా మనుమని చూచుటకు మరల దిల్‌సుఖ్‌నగరు పోవలసి యున్నది. కండ్లద్దాల దుకాణమునకు వెళ్లి, వాని ఆధారు నకలు ఏమైనదని అడుగుదును. ఆ కుర్రవాడు నవ్విన నవ్వనిండు. మొదట తక్‌పట్టీ అడిగిన రైతును చూచి కూడ కమీషనుదారులు నవ్వియే యుందురు. ఒక్కడు అడిగిన నవ్వుదురు. పదిమంది అడిగిన ఆలోచింతురు. సంఘమంతయు అడిగిన వ్రాసియిత్తురు. సహకారము మనకు నేర్పిన పాఠము ఇదియే గదా.